ఏడో అధ్యాయం: ‘అట’ అన్నచోట ఆధారం
(ఇంగ్లీషులో పరిశోధన వ్యాసం రాయడం నేర్చుకునేవాళ్ల కోసం)

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఆళ్లగడ్డ నుంచి ఒక అమ్మాయి నాకు పన్నెండు పేజీల వ్యాసం పంపింది. చరిత్రలో ఎంఏ చదువుతోంది. వ్యాసం ఇంగ్లీషులో ఉంది. విషయం అహోబిలం పారువేట. మొదటి వాక్యం ‘ఫ్రమ్ టైమ్ ఇమ్మెమోరియల్’ అని మొదలైంది. ఆ తర్వాత భారతీయ సంస్కృతి, వేదాలు, దశావతారాలు వచ్చాయి. అహోబిలం పేరు మూడో పేజీలో కనిపించింది. పారువేట అయిదో పేజీలో వచ్చి, అరపేజీలో వెళ్లిపోయింది.

ఫోన్ చేశాను. ‘వ్యాసం సంగతి తర్వాత చూద్దాం. పారువేట అంటే ఏమిటో నాకు తెలుగులో చెప్పమ్మా’ అన్నాను.

‘సార్, కనుమ నాడు చెంచులు పల్లకీ మీదికి బాణాలు వేస్తారు సార్. దాంతో స్వామి బయలుదేరతాడు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి, దిగువ నుంచి ప్రహ్లాదవరదుడు, ఇద్దరూ ఒకే పల్లకీలో వస్తారు. నలభై రోజులకు పైనే, ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతారు. మా అవ్వ వాళ్ల ఊరికీ వస్తారు. తన బ్రహ్మోత్సవానికి జనాన్ని స్వామే వచ్చి పిలుచుకుంటాడు సార్. పల్లకీ ఎక్కడ దించాలి, ముందు ఎవరింటి హారతి పట్టాలి, అన్నీ ఊరికొక లెక్క. ఆ లెక్క మా అవ్వ వయసువాళ్లకే తెలుసు. ఎవరూ రాసిపెట్టలేదు.’

పది నిమిషాలు ఆగకుండా చెప్పింది. అసలు వ్యాసం అదే. పంపిన పన్నెండు పేజీల్లో అది లేదు.

ఈ అధ్యాయం ఆ అమ్మాయి కోసమూ, మీ కోసమూ రాస్తున్నాను. నంద్యాలలో చదువుతున్నా, కర్నూలులో పీహెచ్‌డీ చేస్తున్నా, ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూ పదోన్నతి కోసం వ్యాసాలు రాయాల్సి వస్తున్నా, ఒక్క మాట గట్టిగా పట్టుకోండి: మీ తెలుగు మీకు అడ్డం కాదు. సరిగా వాడుకుంటే అదే మీ మొదటి పనిముట్టు.

ముందు తెలుగులో అయిదు వాక్యాలు

తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లు చాలామంది ‘నాకు ఇంగ్లీషు రాదు, అందుకే వ్యాసం రావడం లేదు’ అంటారు. వాళ్లలో ఎక్కువమందికి వచ్చిన చిక్కు వేరు. ఏం చెప్పాలో తేల్చుకోకముందే ఇంగ్లీషులో రాయడం మొదలుపెడతారు. చెప్పాల్సింది తేలనప్పుడు చెయ్యి తెలిసిన మాటల వైపు పోతుంది. ‘టైమ్ ఇమ్మెమోరియల్’ లాంటివన్నీ అలా వచ్చి చేరేవే.

కాబట్టి కంప్యూటరు తెరవకముందు ఒక కాగితం మీద తెలుగులో అయిదు వాక్యాలు రాయండి. ఒకటి: నేను దేని గురించి రాస్తున్నాను? రెండు: దీని గురించి ఇప్పటికే తెలిసింది ఏమిటి? మూడు: తెలియనిది ఏమిటి? నాలుగు: నేనేం చేశాను? అయిదు: నాకేం దొరికింది? అయిదో ప్రశ్నకు ఒక్క వాక్యంలో జవాబు రాకపోతే రాయడానికి ఇంకా వేళ కాలేదన్నమాట. మళ్లీ ప్రయోగశాలకో, పొలానికో, ఊరికో వెళ్లాలి. ఇంగ్లీషు ఎంత దిద్దినా ఆ లోటు పూడదు.

భద్రిరాజు కృష్ణమూర్తి గారిని గుర్తు చేసుకోండి. 1928లో ఒంగోలులో పుట్టారు. తన అమ్మభాషలోని క్రియాధాతువులనే పరిశోధనకు తీసుకున్నారు. ఆ పుస్తకం ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం నుంచి వచ్చింది. 2003లో ఆయన రాసిన ‘ది ద్రవిడియన్ లాంగ్వేజెస్’ను కేంబ్రిడ్జి వాళ్లు ప్రచురించారు. ఇంట్లో మాట్లాడే భాషను ప్రపంచానికి ఇంగ్లీషులో వివరించి చెప్పారాయన. ఇంటి భాష బాగా తెలిసి ఉండటమే ఆయన బలం.

కళ్లు చివర్న తెరుస్తారు

ఆళ్లగడ్డలో శిల్పుల షెడ్ల ముందు ఎప్పుడైనా కాసేపు నిలబడి చూడండి. రాయి మీద గీతలుంటాయి. తల ఎంత, మొండెం ఎంత, పీఠం ఎంత అని తాళమానం ప్రకారం కొలత ముందే వేసుకుంటారు. తర్వాత పెద్ద ఉలితో అక్కర్లేని రాయిని కొట్టేస్తారు. సన్న ఉలి పని, నునుపు పని ఆ తర్వాతే. విగ్రహానికి కళ్లు తెరిచే నేత్రోన్మీలనమైతే అన్నిటికంటే చివర్న, ప్రతిష్ఠ వేళ జరుగుతుంది.

మనం వ్యాసం దగ్గర దీన్ని తలకిందులు చేస్తాం. మొదటి రోజే సారాంశం రాయబోతాం. మొదటి వాక్యంలో వ్యాకరణం దిద్దుకుంటూ సాయంత్రం దాకా కూర్చుంటాం. అది రాయి ఇంకా దిమ్మెగా ఉండగానే కళ్లు చెక్కబోవడం.

ఈ వరసలో రాసి చూడండి:

1. ముందు పట్టికలు, బొమ్మలు, పటాలు. మీకు దొరికిందంతా వాటిలో కనిపించాలి.
2. ఒక్కో పట్టిక చెప్పేదాన్ని మాటల్లో పెట్టండి. అది ఫలితాల భాగం.
3. ఏం చేశారో చేసిన వరసలో రాయండి. అది పద్ధతుల భాగం. అందరికీ తేలిగ్గా వచ్చేది ఇదే.
4. దొరికినదానికి అర్థం ఏమిటో, ఇతరులు చెప్పినదానితో ఎక్కడ కలుస్తుందో, ఎక్కడ కలవదో రాయండి. అది చర్చ.
5. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఉపోద్ఘాతం రాయండి.
6. చివర్న సారాంశం, శీర్షిక.

వ్యాకరణం దిద్దడం ఆరో మెట్టు దాటాకే. మొదటి ప్రతి తప్పులతోనే ఉంటుంది, ఉండనివ్వండి. మధ్యలో ఇంగ్లీషు మాట తట్టకపోతే తెలుగు మాటే రాసి కింద గీత గీసి ముందుకు పోండి. చెయ్యి ఆగకూడదు.

మొదటి పేజీ మూడు అడుగులు

ఇంగ్లీషు వ్యాసాల ఉపోద్ఘాతాలు ఎలా నడుస్తాయో జాన్ స్వేల్స్ అనే భాషావేత్త పరిశీలించి, 1990లో ఒక నమూనా చెప్పారు. ప్రపంచమంతా పరిశోధక విద్యార్థులకు ఇప్పటికీ దాన్ని నేర్పుతున్నారు. అందులో మూడు అడుగులు. మొదటి అడుగులో నేల చూపిస్తారు: ఈ విషయం ఇది, ఇందులో ఇంతవరకు తెలిసింది ఇది. రెండో అడుగులో ఆ నేలలో ఖాళీ చూపిస్తారు: ఇక్కడ ఇంకా తెలియనిది ఇది. మూడో అడుగులో ఆ ఖాళీలో నిలబడతారు: మేము చేసింది ఇది.

ఆ అమ్మాయి ఉపోద్ఘాతంలో మొదటి అడుగు నాలుగు పేజీలుంది. రెండో అడుగు అసలు లేదు. ఇద్దరం కూర్చుని తిరగరాశాం. ముందు తెలుగులో ఇలా తేలింది:

‘అహోబిలం పారువేట కనుమ నాడు మొదలై నలభై రోజులకు పైగా, ముప్పైకి పైగా ఊళ్లలో సాగుతుంది. ఆలయం గురించి, చెంచుల గురించి పండితులు రాశారు. పల్లకీ ఆగే ఒక్కో ఊళ్లో ఎవరికి ఏ మర్యాద, ఎవరికి ఏ బాధ్యత అన్నది ఊరివారీగా నమోదైన వ్యాసం మా వెతుకులాటలో దొరకలేదు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో పెద్దలను అడిగి ఆ వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాం.’

నాలుగు వాక్యాలు. ఇంగ్లీషులోనూ నాలుగే అయ్యాయి. మూడో వాక్యం దగ్గర ఆ అమ్మాయి చాలాసేపు ఆగింది. ‘ఎవరూ రాయలేదని అనొచ్చా సార్?’ అని అడిగింది. అనకూడదు. ‘మా వెతుకులాటలో దొరకలేదు’ అనొచ్చు, అదీ నిజంగా వెతికాకే. గుజరాత్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ‘శోధ్‌గంగ’లో మన విశ్వవిద్యాలయాల సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా చదవొచ్చు. అక్కడ చూడకుండా ‘ఇదే మొదటిసారి’ అని రాయకండి.

‘చూశాను’, ‘అట’, ‘కావచ్చు’

ఇక్కడే తెలుగు మీకు గట్టి సాయం చేస్తుంది. విన్నదానికీ చూసినదానికీ తేడా మన భాష ఒక్క అక్షరంలో చూపిస్తుంది. ‘వచ్చాడు’ అంటే నాకు తెలుసు. ‘వచ్చాడట’ అంటే ఎవరో చెప్పారు. ‘వచ్చి ఉండొచ్చు’ అంటే నా ఊహ. ఇంగ్లీషు పరిశోధన వ్యాసంలో కావలసిన నిజాయితీ అంతా ఈ తేడాలోనే ఉంది. మనకు ఉగ్గుపాలతో వచ్చిన ఈ తేడాను ఇంగ్లీషులోకి మారగానే పోగొట్టుకుంటున్నాం.

మీ వ్యాసంలో ప్రతి వాక్యాన్నీ తెలుగులో ఒకసారి అనుకుని చూడండి.

వాక్యం చివర ‘అట’ చేరితే అక్కడ ఆధారం పెట్టాలి. పుస్తకమో, వ్యాసమో, శాసనమో, చెప్పిన మనిషో, ఏదో ఒకటి ఉండాలి. ‘నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడట.’ ఎవరు చెప్పారు? ఏ ఊళ్లో, ఎప్పుడు చెప్పారు? అది రాయాలి.

వాక్యం చివర ‘చూశాను’, ‘కొలిచాను’ అని సహజంగా వస్తే అది మీ ఫలితం. భూతకాలంలో, తేదీతో, చోటుతో, అంకెతో రాయండి.

వాక్యం చివర ‘కావచ్చు’, ‘అనిపిస్తోంది’ వస్తే అది మీ వ్యాఖ్యానం. ఇంగ్లీషులో ‘మే’, ‘సజెస్ట్’, ‘ఇండికేట్’ లాంటి మాటలు అందుకే ఉన్నాయి. బాణాలు వేయడం స్వామితో చెంచుల చుట్టరికాన్ని చాటే ఆచారం కావచ్చు అని మీకు అనిపిస్తే, ‘సజెస్ట్స్’ అనండి. ‘ప్రూవ్స్’ అనకండి. ఒక్క పరిశీలనతో ఏదీ రుజువు కాదు.

మాట చివర ‘కదా’ వస్తే అది అందరికీ తెలిసిందే. చాలాసార్లు ఆ వాక్యాన్ని కొట్టేయొచ్చు. మన వ్యాసాల మొదటి రెండు పేజీల్లో ఎక్కువగా ఉండేవి ఈ ‘కదా’ వాక్యాలే.

వాక్యం దగ్గర జాగ్రత్తలు

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ముందు వచ్చే పనులన్నీ అసమాపక క్రియల గొలుసులో ఒదిగిపోతాయి. ‘మేము ఊరికి వెళ్లి, పెద్దలను కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేసుకుని, తిరిగొచ్చి, రాసుకుని, పోల్చి చూశాం.’ తెలుగులో ఇది చక్కని వాక్యం. దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే ‘ఆఫ్టర్ గోయింగ్’, ‘హ్యావింగ్ మెట్’, ‘హ్యావింగ్ రికార్డెడ్’ అంటూ సాగుతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి ఎవరు ఏం చేశారో చదివేవాళ్లకు అంతుపట్టదు.

గొలుసు తెంపండి. ‘వి విజిటెడ్ ద విలేజెస్ అండ్ ఇంటర్వ్యూడ్ ద ఎల్డర్స్. వి రికార్డెడ్ ద ఇంటర్వ్యూస్. వి దెన్ ట్రాన్స్‌క్రైబ్డ్ అండ్ కంపేర్డ్ దెమ్.’ ఒక వాక్యంలో ఒక పని, మహా అయితే రెండు. వాక్యం మొదలైన ఏడెనిమిది మాటల్లోపు ఎవరు, ఏం చేశారు అన్న రెండూ కనిపించాలి. చిన్న వాక్యాలు రాస్తే చిన్నపిల్లల రాతలా ఉంటుందని సిగ్గుపడకండి. మీ వ్యాసం చదివే జపాన్ శాస్త్రవేత్తకూ, బ్రెజిల్ శాస్త్రవేత్తకూ ఇంగ్లీషు అమ్మభాష కాదు. చిన్న వాక్యం వాళ్లకు మీరు చేసే మర్యాద.

‘ఎ’, ‘ది’ అనే రెండు చిన్న మాటలు మనవాళ్లను చాలా ఇబ్బంది పెడతాయి. తెలుగులో వాటికి సరైన జోడీ లేదు. అయినా మనం కథ చెప్పే తీరులో దారి ఉంది. మొదటిసారి ‘ఒక రాజు’ అంటాం, రెండో వాక్యంలో ‘ఆ రాజు’ అంటాం. మొదటిసారి పరిచయం చేస్తే ‘ఎ’. వినేవాళ్లకు ఏదో తెలిసిపోయాక ‘ది’. ఇది అన్నిచోట్లా సరిపోదు, కానీ తప్పుల్లో పెద్ద భాగం దీనితోనే తగ్గుతుంది.

మరికొన్ని మన అలవాట్లు: ‘రీసెర్చెస్’, ‘ఎక్విప్‌మెంట్స్’, ‘ఇన్ఫర్మేషన్స్’ అని బహువచనం పెట్టకండి. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ అక్కర్లేదు. ‘సిగ్నిఫికెంట్’ అన్న మాటను ‘చాలా’ అనే అర్థంలో వాడకండి. పరిశోధనలో అది గణాంక పరీక్ష చేసినవాళ్లు వాడే మాట.

ఇంకొకరు చేసి చూసుకునేలా

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో బోస్టన్ చేరారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ‘జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీ’లో ఒక వ్యాసం ప్రచురించారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలి రంగు ముదురును బట్టి కొలిచే పద్ధతి అది. ‘ఫిస్కే-సుబ్బారావు పద్ధతి’ పేరుతో తరతరాల విద్యార్థులు దాన్ని ప్రయోగశాలల్లో వాడారు. వ్యాసం వచ్చి వందేళ్లు దాటాయి. అది నిలిచింది అలంకారాల వల్ల కాదు. ఏ దేశంలో ఎవరు చదివినా అదే పని చేసి అదే ఫలితం రాబట్టుకోవచ్చు. అందువల్ల నిలిచింది.

పద్ధతుల భాగానికి పరీక్ష అదొక్కటే. మీ పక్క విభాగం విద్యార్థికి ఇవ్వండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా అతను ఆ పని మొదలుపెట్టగలిగితే మీరు బాగా రాసినట్టే.

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ 47 శనగ మన రైతులకు తెలుసు. మొక్క నిటారుగా ఎదుగుతుంది కాబట్టి యంత్రంతో కోయొచ్చు. అలాంటి రకం గురించి ‘దిగుబడి బాగా పెరిగింది’ అని రాస్తే చదివేవాళ్లకు అందేది ఏమీ లేదు. దేనితో పోలిస్తే పెరిగింది? ఏ నేలలో, ఏ సంవత్సరం, ఎన్ని మడుల్లో పెరిగింది? హెక్టారుకు ఎన్ని కిలోలు? ఇవన్నీ చెబితే ‘బాగా’ అన్న మాటతో పనే ఉండదు.

శీర్షిక విషయంలో కూడా మన ప్రాంతానికి చెందిన పాఠమే ఉంది. బనగానపల్లె వైపు జ్వాలాపురంలో దొరికిన రాతి పనిముట్ల మీద మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ తదితరులు 2007లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. సుమత్రాలో టోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ల కింద పేలినప్పుడు పడిన బూడిద ఇక్కడ పొరగా ఉంది. ఆ పొర కిందా పనిముట్లున్నాయి, పైనా ఉన్నాయి. వాళ్ల శీర్షికలో ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడూ ఉన్నాయి: మధ్య పాతరాతి యుగపు పనిముట్లు, భారత ఉపఖండం, టోబా పేలుడుకు ముందూ తర్వాతా. ‘ఎ స్టడీ ఆన్’ అని మొదలుపెట్టలేదు. మీ శీర్షికలోనూ ఆ మూడు ఉండేలా చూసుకోండి.

మూడు అడ్డదారులు

మొదటిది, ఇతరుల వాక్యాలు అతికించడం. ‘వాళ్ల ఇంగ్లీషు బాగుంది, నాది బాగాలేదు’ అన్న భయంతో చాలామంది చేసే తప్పు ఇది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక పది శాతం దాటితే శిక్షలు మొదలవుతాయి. ఆ పది శాతాన్ని రేషన్ కోటాగా అనుకోకండి. చదివింది మూసేసి, తెలుగులో ఎవరికైనా చెప్పి, ఆ చెప్పినదాన్ని మీ ఇంగ్లీషులో రాయండి. వాక్యం మీదే అవుతుంది. ఆధారం మాత్రం తప్పక ఇవ్వండి.

రెండోది, డబ్బు కడితే మూడు రోజుల్లో వేసేస్తామనే పత్రికలు. నేను చదువుకునే రోజుల్లో ఒక పత్రికకు అలా డబ్బు కట్టాను. వ్యాసం అచ్చయింది. ఒక్కరూ దిద్దలేదు, పట్టికలో నేను చేసిన తప్పు అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ దాన్ని తీసేయలేను. మంచి పత్రికల సమీక్షకులు పెట్టే ఎర్రగీతలకు భయపడకండి. మీ వ్యాసాన్ని అంత శ్రద్ధగా ఉచితంగా చదివేది వాళ్లే.

మూడోది, కృత్రిమ మేధ చేత వ్యాసం మొత్తం రాయించడం. మీరు రాసిన వాక్యంలో వ్యాకరణం దిద్దించుకోండి, తప్పు లేదు. వాడినట్టు పత్రికకు చెప్పండి. చాలా పత్రికలు అడుగుతున్నాయి కూడా. కానీ అవ్వ ఊళ్లో పల్లకీ ఎక్కడ దిగుతుందో దానికి తెలియదు. తెలియనిచోట అది అందంగా కల్పిస్తుంది. ఆ కల్పన కింద ఉండేది మీ పేరు.

ఈ వారం చేయాల్సినవి

సోమవారం: మీ విషయాన్ని తెలుగులో ఒకరికి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి.
మంగళవారం: దాన్ని విని అయిదు వాక్యాలు రాయండి.
బుధవారం: ఒక పట్టిక తయారు చేయండి.
గురువారం: ఆ పట్టిక గురించి ఇంగ్లీషులో ఆరు చిన్న వాక్యాలు రాయండి.
శుక్రవారం: మీ రంగంలో మంచి వ్యాసం ఒకటి తీసుకుని, ఉపోద్ఘాతంలో మూడు అడుగులు ఎక్కడున్నాయో గీత గీయండి.
శనివారం: మీ వాక్యాలకు ‘అట’ పరీక్ష పెట్టండి.
ఆదివారం: పైకి చదవండి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చేయండి.

ఆళ్లగడ్డ అమ్మాయి వ్యాసం ఇంకా అచ్చు కాలేదు. ఇప్పుడది ఏడు పేజీలు. మొదటి సమీక్షలో పద్నాలుగు ప్రశ్నలు వచ్చాయి. పదకొండింటికి జవాబులు రాసింది. మిగిలిన మూడింటికి జవాబు అవ్వ దగ్గరే ఉందని ఊరికి వెళ్లింది.

మీ ఊళ్లోనూ అలాంటి అవ్వ ఉంటుంది, లేదా అలాంటి పొలమో, కొండో, వాగో, యంత్రమో ఉంటుంది. దాని గురించి మీకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఇంగ్లీషు బాగా వచ్చేదాకా ఆగుదామనుకుంటే ఆ అవ్వ ఆగదు. ఈ రాత్రి కాగితం తీసుకుని మొదటి అయిదు వాక్యాలు తెలుగులో రాయండి.